లోపలి జేబులో నీలం దారం

డిసెంబర్ 18, మంగళవారం

వచ్చింది! వచ్చింది!

ఆస్కార్ వాళ్ళు సౌండు విభాగానికి పది సినిమాల జాబితా బయటపెట్టారు. అందులో ‘గడ్డి కోతల నెల’ ఉంది. ఎవరిదో ప్యాంటు అంచు మడతపెడుతూ ఫోన్లో చూశాను. సూది వేలిలో దిగింది, అయినా నొప్పి తెలియలేదు. లేచి గట్టిగా అరిచాను.

"ఏమైంది జారుహి జాన్, లాటరీ తగిలిందా?" అని ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి ఓనిక్ అడిగాడు. జాన్ అంటే మా భాషలో ‘ప్రాణమా’ అని, వాడు అందరినీ అలాగే పిలుస్తాడు.

"అంతకంటే పెద్దది."

"అంతకంటే పెద్దదైతే సగం నాకివ్వు. దుకాణం నాది కదా."

వాడికేం తెలుసు. ఈ స్టూడియోల ఊరు బర్బాంక్‌లో ఇరవై ఏళ్ళుగా సినిమావాళ్ళ బట్టలు ఉతుకుతున్నాడు, సినిమాకి మాత్రం పోడు. కూర్చుంటే నిద్రొస్తుందట.

ఆ సినిమాకి సౌండు పట్టింది శనివారాలు మా దుకాణానికొచ్చే మిస్టర్ ప్రూయిట్. ముప్ఫై తొమ్మిదేళ్ళు ఎండనకా వాననకా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని షూటింగుల్లో మాటలూ చప్పుళ్ళూ పట్టాడు. ఇన్నేళ్ళలో ఆయన్ని ఆస్కార్ గడప దాకా పిలిచిన పాపాన పోలేదు ఎవరూ. నేను మాత్రం సెప్టెంబర్‌లోనే నా పుస్తకంలో రాసుకున్నాను. పదింటిలో ఉంటాడు, నామినేషన్ దక్కే అయిదింటిలో కూడా ఉంటాడు అని. నేను రాస్తే తప్పడం అరుదు.

డిసెంబర్ 22, శనివారం

వచ్చాడు. ఎప్పట్లాగే రెండు చొక్కాలు తెచ్చాడు. ఎప్పట్లాగే అరగంట కౌంటర్ దగ్గర నిలబడ్డాడు.

"మిస్ జారుహి, మీరు ముందే చెప్పారు," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అరవై ఎనిమిదేళ్ళ మనిషికి చెవులు ఎర్రబడటం నేనెక్కడా చూడలేదు.

"ఇంకా చెప్తా వినండి. అయిదింటిలో కూడా మీరున్నారు. సూటు తెచ్చేయండి, నడుం వదులు చేయాలి కదా."

"అమ్మో! వద్దు. పేర్లు చదవకముందు సూటు బయటికి తీయకూడదు. మా సౌండువాళ్ళెవరూ తీయరు. తీస్తే రాదంటారు."

"చాదస్తం. జనవరి చివర్లో ఊరంతా సూట్లు మోసుకుని మా మీదకొచ్చి పడుతుంది. అప్పుడు నేను మీకు టైమివ్వలేను."

అబద్ధం. ఆయనకి ఎప్పుడైనా టైమిస్తాను.

కాసేపు కౌంటర్ మీది గంటని వేలితో అటూ ఇటూ జరిపాడు. తర్వాత చెప్పాడు, ఈ మధ్య పని పెద్దగా రావడం లేదట. నామినేషన్ వస్తే ఇంకో రెండేళ్ళు పిలుస్తారు, ఉంటాడు. రాకపోతే వసంతానికల్లా ఇల్లు ఖాళీ చేసి ఎక్కడో దూరాన నెబ్రాస్కాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతాడు.

"అయితే ఉంటారన్నమాట," అన్నాను. రసీదు రాస్తూ అన్నాను, తలెత్తలేదు.

డిసెంబర్ 25, మంగళవారం

సెలవు. మా దేశంవాళ్ళకి క్రిస్మస్ పండగ ఇవాళ కాదు, జనవరి ఆరో తారీఖున. రెండు సినిమాలు చూశాను. సంచిలో ఎండు ఆప్రికాట్లు ఉన్నాయి కాబట్టి వంట చేయలేదు. రెండో సినిమా నాయిక మొదటి సీన్ నుంచి చివరి సీన్ దాకా ఉంటుంది, ఆమెని సహాయ పాత్రల వరసలోకి తోస్తున్నారట, అక్కడైతే గెలుపు సులువని. సిగ్గుండాలి. ఎవరితోనైనా దీని గురించి ఒక గంట పోట్లాడాలనిపించింది. ఎవరున్నారు? శనివారం దాకా ఆగాలి.

జనవరి 5, శనివారం

సూటు తెచ్చాడు! అట్టపెట్టెలో, కాగితం చుట్టి. ఇరవై రెండేళ్ళ కింద కొన్నాడట, ఎప్పుడైనా పనికొస్తుందని. ఒక్కసారి కూడా తొడగలేదు. నడుం దగ్గర రెండంగుళాలు వదలాలి. లోపల గుడ్డ పుష్కలంగా ఉంది. ఎవరో మంచి దర్జీ ముందుచూపుతో వదిలాడు.

నిలబెట్టి కొలతలు తీస్తుంటే, "నేనుండగా మీ మిషన్ తొక్కకండి మిస్ జారుహి, తొక్కితే మళ్ళీ రికార్డు చేయాలనిపిస్తుంది," అన్నాడు.

అదో ముచ్చట. పోయిన ఏడాది ఒక శనివారం మైకు తెచ్చి, మా నాన్న మా దేశంలోని మా ఊరు గ్యుమ్రీ నుంచి ఓడలో పంపించిన నల్ల కుట్టు మిషన్‌ని నా చేత తొక్కించాడు. ‘గడ్డి కోతల నెల’లో తల్లి కిటికీ దగ్గర కూర్చుని కుడుతుంది చూడండి, ఆ చప్పుడు నాది. పధ్నాలుగు సెకన్లు. తల్లి చేతులు వేరేవాళ్ళవి, తల వేరేవాళ్ళది, కాళ్ళు మాత్రం నావి. నాలుగుసార్లు చూశాను ఆ సినిమా. ఒక్కసారి కూడా పక్క సీటువాడికి చెప్పలేకపోయాను.

జనవరి 6, ఆదివారం

పండగ. చేపలు, పాలకూర, అన్నం. ఒక్కదానికి వండితే మూడ్రోజులు తినాలి.

జనవరి 12, శనివారం

ఒక పని చేశాను. మంచిదో కాదో తెలియడం లేదు.

మా నాన్న సూటు కుట్టాక లోపలి జేబు పైన నీలం దారంతో ఆ మనిషి పేరూ, ఆ రోజున ఆ మనిషి ఎవరో అదీ కుట్టేవాడు. ‘ఫలానా, పెళ్ళికొడుకు’ అని. ‘ఫలానా, బడి పెద్ద’ అని. నీలం ఎందుకంటే దిష్టి తగలదని. పైకి కనబడదు, తొడుక్కున్నవాడికి మాత్రం గుండెల దగ్గర ఉంటుంది. చర్చిలో పెళ్ళి కబురు చదివేదాకా సూది ఎత్తేవాడు కాదు. అంతకుముందు కుట్టకూడదు, అదొక్కటే ఆయన కట్టుబాటు.

నేను ఇవాళ కుట్టేశాను. ఇంగ్లీషులో కాదు, మా భాష అక్షరాల్లోనే. ‘వెండెల్ ప్రూయిట్, ఎంపికైనవాడు.’

పదిరోజులు ముందుగా కుట్టాను, అంతే. వచ్చేదే కదా. వచ్చాక కుట్టడానికి తీరికెక్కడిది.

జనవరి 21, సోమవారం

నా వారపు సెలవు. ఇల్లంతా తుడిచాను. పుస్తకంలో ఇరవై నాలుగు విభాగాల పేర్లూ మళ్ళీ ఒకసారి సరిచూశాను. సౌండులో మొదటి పేరు దగ్గర ఎర్ర గీత గీశాను. పొద్దున్నే అయిదింటికి లేవాలి.

జనవరి 22, మంగళవారం

లేదు.

సౌండు పేర్లు చదివారు. యుద్ధం సినిమా. రాకెట్ల సినిమా. కార్ల సినిమా. రాక్షసుల సినిమా. పాటల సినిమా. అయిపోయింది. టీవీలో పేర్లు చదివే అమ్మాయి కాగితం తిప్పేసి నవ్వుతూ తర్వాతి విభాగంలోకి పోయింది. నేనింకా ఆరో పేరు కోసం చూస్తున్నాను. అయిదే ఉంటాయని నాకు తెలియదా? ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను కదా!

పేలితేనే చప్పుడా? మనుషుల చెవులకి ఏం రోగం? నలభై రోజులు ఒక మనిషి గడ్డిలో పడుకుని గాలిని పట్టాడు. పొద్దుటి గాలి వేరు, కోత తర్వాతి గాలి వేరు, మొగుడు చచ్చిపోయిన రోజు ఆ ఇంట్లోకొచ్చే గాలి వేరు. కళ్ళు మూసుకుని వినండి చాలు, కథంతా తెలుస్తుంది. విన్నారా ఎవరైనా? సినిమా పెట్టి ఫోన్లు చూసుకుని ఉంటారు.

మిగతా విభాగాల్లో నా లెక్క పెద్దగా తప్పలేదు. ఆ సహాయ పాత్ర నాయిక కూడా వచ్చింది, మహాతల్లి. అన్నీ సరిగ్గా చెప్పి ఈ ఒక్కటి తప్పాను. వద్దు వద్దంటున్న మనిషి చేత సూటు బయటికి తీయించాను. పైగా అందులో... ఆ ముక్క ఇక్కడ రాయను.

కాఫీ పొంగి పొయ్యి ఆరిపోయింది. దుకాణానికి ఆలస్యంగా వెళ్ళాను. ఓనిక్ నా మొహం చూసి మొదటిసారి జోకు వేయలేదు.

జనవరి 23, బుధవారం

రేపు విప్పేస్తాను ఆ దారం.

జనవరి 26, శనివారం

రాలేదు. శనివారం కదా అని తలుపు గంట మోగినప్పుడల్లా లేచాను. ఓనిక్ చూసి, "కుర్చీలో స్ప్రింగులు పెట్టించుకున్నావా?" అన్నాడు.

దారం విప్పలేదు. వెలుతురు సరిగ్గా లేదు.

జనవరి 29, మంగళవారం

సూట్లు వచ్చిపడుతున్నాయి, చెప్పాను కదా. రాకెట్ల సినిమాలో ఎవరో కుర్రాడు, చేతులు పొట్టి చేయమని తెచ్చాడు. అద్దంలో తనని తాను చూసుకుని మురిసిపోతున్నాడు. పాపం వాడి తప్పేముంది, వాడికి వచ్చింది, మురుస్తాడు. అయినా నాకు ఒళ్ళు మండింది. రెండు సూదులు ఎక్కువ గుచ్చాను.

మిస్టర్ ప్రూయిట్ సూటు చివరి కడ్డీ మీద, ప్లాస్టిక్ తొడుగులో ఉంది. మధ్యాహ్నం దించి బల్లమీద పెట్టాను. కత్తెర తీశాను. ఒక్క ముడి కోస్తే చాలు, మిగతాది లాగితే వచ్చేస్తుంది. అక్షరాలు చూస్తూ కూర్చున్నాను. నాన్న చేతిరాతలాగే వచ్చాయి. ఆ చదివిన అమ్మాయి ఎలాగూ తీసేసింది, నేను కూడా తీసేయాలా ఆయన పేరు?

మళ్ళీ తగిలించేశాను. శనివారం వస్తాడు కదా, శుక్రవారం విప్పుతాను.

ఫిబ్రవరి 1, శుక్రవారం

రద్దీ. కుదరలేదు.

ఫిబ్రవరి 2, శనివారం

రాలేదు.

ఫిబ్రవరి 5, మంగళవారం

నిన్న నాకు సెలవైతే ఆయన నిన్న వచ్చాడు! పొద్దున చూస్తే చివరి కడ్డీ ఖాళీ.

"ఏదీ?" అన్నాను ఓనిక్‌తో.

"ఏది ఏదీ?"

"ప్రూయిట్ సూటు!"

"ఆ గాలిని పట్టే ముసలాయనదా? నిన్నొచ్చి తీసుకుపోయాడు. పని పూర్తయిందని చీటీ మీద నువ్వే రాశావుగా."

"నాకు చెప్పకుండా ఎలా ఇచ్చావు?"

"ఎవరి సూటు వాళ్ళకివ్వడానికి నీ సెలవు కావాలా జారుహి జాన్? ఇది దుకాణమా, మ్యూజియమా?"

నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు బిత్తరపోయాడు. ఎందుకు తిడుతున్నానో చెప్పలేకపోయాను, చెప్పుకునే విషయమా?

"నా గురించి అడిగాడా?" అన్నాను చివరికి.

"ఉందా అనడిగాడు. సెలవన్నాను. సరేనన్నాడు."

సోమవారం నాకు సెలవని ఆయనకి తొమ్మిదేళ్ళుగా తెలుసు.

ఫిబ్రవరి 6, బుధవారం

మా అక్షరాలు ఆయన చదవలేడు. ఏదో పూల కుట్టనుకుంటాడు.

ఫిబ్రవరి 9, శనివారం

రాలేదు. చదవలేడు. అయినా రాలేదు.

ఫిబ్రవరి 16, శనివారం

ఇక్కడ కూడా అబద్ధాలు రాస్తే ఇక ఈ పుస్తకం ఎందుకు?

ఆయనకి అన్యాయం జరిగిందని గోల పెట్టాను. నిజమే, జరిగింది. కానీ ఆ తెల్లవారుజామున పేరు వినబడనప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆయన కాదు. నా పధ్నాలుగు సెకన్లు. వేడుకలో అయిదు సినిమాల ముక్కలు వినిపిస్తారు కదా, అందులో నా మిషన్ వినిపిస్తుందని, లోకమంతా వింటుందని, ఎవరికీ తెలియకపోయినా నేను వింటానని ఆశపడ్డాను. రెండోది నెబ్రాస్కా గుర్తొచ్చింది. మూడోసారికి గానీ ఆ మనిషి గుర్తు రాలేదు.

సూటు ఎందుకు తెమ్మన్నాను? తెస్తే వస్తుందని. వస్తే ఉంటాడని. నాకు ఈ ఊళ్ళో ఇరవై ఆరేళ్ళు. అద్దె ఇంటి యజమానులు నమస్కారం పెడతారు, ఓనిక్ ఎగతాళి చేస్తాడు, దుకాణానికి వచ్చేవాళ్ళు నడుం చుట్టుకొలతలు చెప్తారు. నేనొక సినిమా చూసొస్తే, "ఎలా ఉంది?" అని అడిగేది ఆయనొక్కడే. వారానికి అరగంట. ఆ అరగంట కోసం మిగతా వారమంతా సినిమాలు చూస్తున్నాననిపిస్తుంది ఒక్కోసారి. ఆ అరగంట పోయింది. నేనే పోగొట్టాను.

ఎక్కడో ఉంటాడు ఇవాళ. సౌండువాళ్ళంతా కలిసి భోంచేసే విందు ఇవాళే, ప్రతి ఏడూ చెప్తాడు. ఆ సూటు దానికే తీసుకెళ్ళి ఉంటాడు. తొడుక్కున్నాడేమో. లోపల అది ఉంది. ఎవరైనా మావాళ్ళు పక్కన కూర్చుని చదివి చెప్తే? ఎక్కిరించడానికి కుట్టాననుకోడూ?

ఫిబ్రవరి 23, శనివారం

రాలేదు. తలుపు గంట మోగినా నేను లేవలేదు.

ఫిబ్రవరి 24, ఆదివారం

వేడుక. నాలుగింటి నుంచి టీవీ ముందు కూర్చున్నాను. లావాష్ రొట్టె, జున్ను, పుస్తకం, ఎర్ర పెన్సిలు.

సౌండు విభాగంలో అయిదు ముక్కలు వినిపించారు. అయిదింటిలోనూ ఏదో ఒకటి పేలింది. యుద్ధం సినిమాకిచ్చారు. నేనదే రాశాను, ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టాను. ఇద్దరు మనుషులు వేదికెక్కారు, ఒకాయన ఏడ్చాడు. సంతోషంగా ఏడుస్తున్నాడు కదా పాపం, ఆయన మీద కూడా కోపం తెచ్చుకోలేకపోయాను.

వేడుక అయిపోయాక చూసుకుంటే ఇరవై నాలుగింటిలో పంతొమ్మిది సరిగ్గా చెప్పాను. ఇంతకుముందెప్పుడూ ఇన్ని రాలేదు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, ఎవరికైనా చెబుదామని. ఓనిక్ నంబరు, కరెంటువాళ్ళ నంబరు, పళ్ళ డాక్టరు నంబరు ఉన్నాయి. పెట్టేశాను.

మార్చి 2, శనివారం

వచ్చాడు.

గంట మోగింది, నేను లేవలేదు, ఎవరో అనుకున్నాను. "మిస్ జారుహి," అన్నాడు. చేతి మీద ఆ సూటు కోటు ఉంది. చొక్కాలు లేవు.

నాకు తల కొట్టేసినట్టయింది. లేచి కౌంటర్ దాకా నడిచాను.

"గురువారం లారీ వస్తోంది," అన్నాడు. "చెల్లెలు గది సర్దిపెట్టిందట. అక్కడ విమానాలు వినబడవట, హాయిగా నిద్రపోవచ్చు."

"మంచిది," అన్నాను.

కోటు కౌంటర్ మీద పరిచి, లోపలి వైపు తిప్పి, జేబు నా వైపు పెట్టాడు. నీలం అక్షరాలు. నేను గబగబా చెప్పడం మొదలుపెట్టాను, మా నాన్న అలా కుట్టేవాడని, ముందే కుట్టడం తప్పని, విప్పుదామనే అనుకున్నానని, వెలుతురు లేదని, రద్దీ అని. ఆయన వింటూ నిలబడ్డాడు. వినడం ఆయన వృత్తి కదా.

నేను ఆగాక అన్నాడు, "మీవాళ్ళ రొట్టెల దుకాణంలో ఆవిడ చేత చదివించాను. రెండుసార్లు చదివించాను."

"నవ్విందా?"

"లేదు. ఎందులో ఎంపికయ్యారని అడిగింది. సౌండులో అన్నాను. వేడి రొట్టె ఒకటి కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. ఎంత చెప్పినా డబ్బులు తీసుకోలేదు."

"అబద్ధం చెప్పారన్నమాట."

"చెప్పాను. చెప్తుంటే బాగుంది."

ఇద్దరం నవ్వలేదు. లోపల ఓనిక్ ఇస్త్రీ పెట్టె బుస్సుమంది.

"మీకు నా మీద కోపం వచ్చిందనుకున్నాను," అన్నాను. "సోమవారం వచ్చారు."

"కోపమా?" నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీ లెక్క ఎప్పుడూ తప్పదు. నా పేరు దగ్గర తప్పింది. మీకు మొహమెలా చూపించను? అందుకే మీరు లేని రోజు చూసుకుని వచ్చాను."

ఆరు వారాలు. ఆయన అక్కడ, నేనిక్కడ. ఒకరికి మొహం చెల్లక ఇంకొకరు. ఇద్దరం ఏం మనుషులమో!

"వేడుక చూశారా?" అన్నాను.

"చూళ్ళేదు. మీకెన్ని?"

"పంతొమ్మిది."

"పంతొమ్మిదా!" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఒక్క మాట కోసం వారం రోజులుగా ఆగి ఉన్నానని అప్పుడు తెలిసింది.

తర్వాత జేబు మీద వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ చివరి అక్షరం ఊడిపోతోంది. విందులో ఇది తొడుక్కునే కూర్చున్నాను. అందరూ ఉపన్యాసాలిస్తుంటే చేయి లోపల పెట్టి తడుముతూనే ఉన్నాను. ఆ తర్వాత కూడా, ఇంట్లో. అరిగిపోయింది. వెళ్ళేలోపు మళ్ళీ కుట్టిపెడతారా?"

చూశాను. చివరి అక్షరం తోక దగ్గర రెండు కుట్లు తెగి, దారం నూగులా లేచింది. మిగతా అక్షరాలన్నీ నునుపెక్కాయి.

"కుడతాను," అన్నాను.

"ఎప్పుడు రమ్మంటారు?"

నా గౌను కాలరుకి గుచ్చిన సూదికి నీలం దారం ఎక్కించే ఉంది. జనవరి నుంచీ అలాగే ఉంది. ఆయన ఆ సూదిని చూశాడు, చూసి ఊరుకున్నాడు.

అయిదు నిమిషాల పని. బుధవారం సాయంత్రం రమ్మన్నాను.